గుంతకు సానుపు చల్లినందుకు

గుంతలను పూడ్చడం మహాపాపం! ఈ మాట అన్నందుకు నన్ను కొట్టడానికి బయలుదేరకండి. బయలుదేరినా మా దారిలో అంత తొందరగా చేరుకోలేరు, అది వేరే సంగతి.

ఒక్కసారి ఆలోచించండి. నున్నటి రోడ్డు మనిషికి ఏం నేర్పుతుంది? బైకెక్కినవాడు భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని సర్రున వెళ్లిపోతాడు. పక్కింటాయన ముఖమైనా చూడడు. అదే గుంత ఉంటే? ఆగుతాడు. దిగుతాడు. "ఏం కాకా, మంచిగున్నవా?" అని అడుగుతాడు. సిరొంచలో మనుషులు ఇంకా ఒకరినొకరు పలకరించుకుంటున్నారంటే ఆ పుణ్యం ఎవరిదనుకున్నారు? స్పీడ్ బ్రేకర్ వేయాలంటే ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి. గుంత ఉచితం!

పైగా గుంతకు దొరికే మర్యాద ఏ రోడ్డుకు దొరుకుతుంది? మన వైపు రోడ్డు మంజూరైందంటే ముందు భూమిపూజ. షామియానా, పసుపు కుంకుమ, కొబ్బరికాయ, ఫోటో. ఫండు మారితే పూజ మళ్లీ మొదటి నుంచి. మా రేగుచెట్టు గల్లీ మొదట్లో ఉన్న గుంతకు వార్డు ఫండు కింద ఒకసారి, జిల్లా ఫండు కింద ఒకసారి, ఎవరి ఫండో తేలకముందే ఇంకోసారి పూజలు జరిగాయి. రోడ్డు రాలేదు. కొబ్బరి చిప్పలు మాత్రం వృథా కాలేదు. సారక్క వాటితో చట్నీ నూరింది. బస్టాండులో ఆ చట్నీకి మంచి పేరొచ్చింది.

సారక్క మా గల్లీ చివరింటి మనిషి. భర్త పోయినప్పటి నుంచి ఇడ్లీ బండే ఆమెకు ఆధారం. తెల్లవారకముందే లేచి, ఇడ్లీ పాత్ర, సాంబారు గిన్నె బండికెక్కించి, అహేరి బస్సు వచ్చేలోపల బస్టాండుకు చేరాలి. బస్సు వెళ్లాక వెళితే ఇడ్లీలు ఉంటాయి, తినేవాళ్లుండరు. ఆ గల్లీకి ఉన్న దారి ఒక్కటే. ఆ దారికి ఉన్న గుంతా దాని మొదట్లోనే. బండి చక్రం అందులో పడిందా, సాంబారు సగం నేలపాలు. సాంబారు ఒలికిన రోజు సారక్క నోటికి ఎదురు నిలిచిన మగవాడు మా వార్డులో లేడు.

అందుకే రోజూ పక్కింటి ఆదయ్య ఒకవైపు, కోడలు భాగ్య ఇంకోవైపు పట్టుకుని బండిని గుంత దాటిస్తారు. ఆదయ్య తాపీ మేస్త్రీ. నడుము నొప్పి మనిషి. అయినా పొద్దున్నే లేచి వస్తాడు. చూశారా, గుంత లేకపోతే ఈ ఐకమత్యం ఎక్కడిది?

ఇంత చక్కగా సాగుతున్న సంసారంలోకి ఒకనాడు మా వార్డు మెంబరు వినయ్‌కుమార్ సారక్క దగ్గరికి శుభవార్త మోసుకొచ్చాడు.

"పెద్దమ్మా, రేపు ఇంజనీర్ సాబ్ పాహణికి వస్తుండు. మన గల్లీ చూస్తడు. ఆయన రాసిస్తెనే ఈసారి ఫండు లిస్టుల ఎక్కుతది."

"పాహణి అంటే ఏందిరా?"

"వచ్చి చూసుడు."

మన సిరొంచ ఉన్నది మహారాష్ట్రలో కాబట్టి ఆఫీసు మాటలన్నీ మరాఠీలో వస్తాయి. అర్థం మాత్రం ఎవరి ఇంటి పద్ధతిలో వాళ్లు చేసుకుంటారు. సారక్కకు అర్థమైందేమిటంటే, పెద్ద సారు మన వాకిట్లోకి వస్తున్నాడు. వాకిట్లోకి పెద్ద మనిషి వస్తుంటే ఏం చేస్తాం? ఊడుస్తాం. సానుపు చల్లుతాం. ముగ్గేస్తాం. పిల్లనిచ్చేవాళ్లు వస్తున్నా అంతే, సర్కారు వస్తున్నా అంతే.

"గిట్లుంటే సారు ఏమనుకుంటడు? మనుషులుండే గల్లేనా ఇది అనుకోడా?" అంటూ సారక్క ఇంటింటికీ తిరిగింది. ఆదయ్య ఇంటి వెనకాల మిగిలిన మొరం, ఇటుక ముక్కలు తట్టలకెత్తి గుంతలో పోశాడు. దిమ్మిసతో అణిచాడు. ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి, సరిగ్గా గుంత ఉన్నచోట పెద్ద పద్మం ముగ్గు వేశారు.

డిగ్రీ చదివిన భాగ్యకు మాత్రం అనుమానమొచ్చింది. "అత్తమ్మా, ఆయన గుంత చూడనీకే వస్తుండు గద. గుంతనే లేకుంట చేస్తే ఎట్ల?"

"నోరు లేదా మనకు? చెప్తం. చుట్టమొస్తే ఇల్లు చూపెడ్తమా, ఇంట్ల చెత్త చూపెడ్తమా?"

ఇంజనీరు సాహెబు వచ్చాడు. ఏ ఆఫీసు ఇంజనీరో చెప్పను. చెబితే ఆ ఆఫీసు మాది కాదంటుంది. చేతిలో టేపు, ఇంకో చేతిలో ఫోను. గల్లీ మొదట్లో నిలబడి అటూ ఇటూ చూశాడు. "ఖడ్డా కుఠే ఆహే?" అన్నాడు. గుంత ఎక్కడ అని!

"గీడనే సారూ! మీ కాళ్ల కిందనే ఉన్నది!" అంది సారక్క సంబరంగా.

ఆయన కిందికి చూసుకున్నాడు. పద్మం తొక్కినందుకు నొచ్చుకుని రెండడుగులు పక్కకు జరిగాడు. భాగ్య తనకొచ్చిన మరాఠీలో, నిన్నటిదాకా ఇక్కడ మోకాల్లోతు గుంత ఉండేదని వివరించింది. పాపం, ఆయన మంచివాడే. శ్రద్ధగా విన్నాడు. కానీ పైవాళ్లకు పంపాల్సింది ఫోటో. నిన్నటి గుంతకు ఇవాళ ఫోటో తీసే ఫోను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. సారక్క పెట్టిన ఇడ్లీలు తిని, చట్నీ మళ్లీ వేయించుకుని, ముగ్గుతో సహా ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. రస్తా ఉత్తమంగా ఉందని రాశాడు. ఫండు ఇంకో గల్లీకి పోయింది. ఆ గల్లీవాళ్లకు మర్యాద తెలియదు, గుంతను గుంతలాగే ఉంచారు!

మొదట్లో నేనేమన్నాను? పూడ్చడం పాపమన్నానా లేదా?

వానలు పడ్డాయి. ఆదయ్య పోసిన మొరమంతా ప్రాణహిత దారి పట్టింది. గుంత తిరిగొచ్చింది, పక్కన ఒక పిల్లగుంతను కూడా వెంటబెట్టుకుని. సాంబారు మళ్లీ ఒలకడం మొదలైంది. వినయ్‌కుమార్ తల పట్టుకున్నాడు.

"మల్లోసారి పిలుస్త పెద్దమ్మా. నీకు దండం పెడ్త, ఈసారి మాత్రం దాన్ని ముట్టకుండ్రి!"

ముట్టలేదు. గల్లీకి గల్లీ అంతా కలిసి గుంతను కంటికి రెప్పలా కాపాడుకుంది. పిల్లలు రాళ్లు వేయకుండా సారక్కే కూర్చుని కాపలా కాసింది. ఒక ట్రాక్టరు డ్రైవరు జాలిపడి పాత ఇటుకలు పోయబోతే ఆదయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "ఏయ్! మా గుంతల మన్ను పోస్తవా? నీ ఇంటి ముంగట లేదా గుంత?" అని గద్దించాడు. ఆ డ్రైవరు ఇప్పటికీ మా గల్లీవైపు రాడు.

దసరా దాటాక సాహెబు మళ్లీ వచ్చాడు. గుంతను చూశాడు. టేపు వేశాడు. అందరి ముఖాలూ వెలిగాయి. తర్వాత ఫోను తీసి పాత ఫోటో చూశాడు. పాత ఫోటోలో పద్మం, ఎదురుగా పాతాళం! మంచి రోడ్డు దానంతటది ఇంత లోతు ఎలా పోతుంది? ఆఫీసు లెక్కలో దానికి ఒక్కటే జవాబు ఉంది. వారం తిరిగేసరికి గల్లీ మొదటి గోడకు నోటీసు అంటించారు.

భాగ్య చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏమున్నదే అండ్ల?"

"మంచిగున్న సర్కారు రోడ్డును మనమే తవ్వినమట అత్తమ్మా. మనమే మంచిగ చేసియ్యాల్నట. లేకుంటే కేసట."

సారక్కకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆమెకు ఏడుపొచ్చింది. "నేను తవ్విన్నా? ఇంటికొచ్చిన మనిషికి మర్యాద చేసిన్నే. కడుపు నిండ పెట్టిన్నే" అంటూ గడపలో కూలబడింది. దొంగతనం అంటగట్టినట్టే బాధపడింది. మరునాడు బండి కదల్లేదు.

ఆ మర్నాటికి లేచింది. కూర్చుంటే పొయ్యి వెలగదు కదా! ఆదయ్య ఈసారి కంకర తెచ్చాడు. గల్లీవాళ్లందరూ తలా ఓ చెయ్యి వేసి, రెండు గుంతల్నీ నింపి, నీళ్లు పోసి, గట్టిగా దిమ్మిస కొట్టారు. పని బాగా కుదిరింది. సారక్క బండి ఎవరి సాయం లేకుండా గడగడా దొర్లుకుంటూ బస్టాండుకు చేరింది. ఆదయ్య నడుముకు సెలవు దొరికింది.

కథ ఇక్కడితో సుఖాంతం కావాలి. కానీ మార్చి నెల వచ్చింది. మార్చిలో ఆఫీసులకు ఒక జబ్బు ఉంటుంది, ఏదో ఒక పని అయినట్టు చూపించాలి. వెతగ్గా వెతగ్గా వాళ్లకు మా గల్లీ కనిపించింది. రోడ్డు బాగైంది! ఎవరు బాగు చేశారు? జనం! అయితే ఇది లోకసహభాగం, అంటే ప్రజలు పాలుపంచుకున్న పని. ప్రణాళిక ఆఫీసుది, పాలు జనానిది!

ఒక మధ్యాహ్నం సిమెంటు, ఇసుక, కంకర వేసుకుని లారీ వచ్చి గల్లీ ముందు ఆగింది. సారక్క బస్టాండులో గిన్నెలు కడుగుతోంది. కబురు తెలిసి, కడిగిన గిన్నెలు బండి మీద వేసుకుని పరుగులాంటి నడకతో వచ్చింది. బండి ఇంట్లో పెట్టి ఆదయ్య అరుగు మీద కూర్చుంది. "ఇగ పక్కా రోడ్డే ఆదన్నా!" అంది.

లారీలో సిమెంటంతా ఒకే పనికి సరిపోయింది. గల్లీ మొదట్లో, నట్టనడుమ, దగ్గర దగ్గరగా రెండు ఇనుప కాళ్లు పాతి, వాటి చుట్టూ సిమెంటు పోసి, పెద్ద బోర్డు నిలబెట్టారు. అందులో పని పేరుంది, ఫండు పేరుంది, నమస్కారం పెడుతున్న ఫోటోలున్నాయి. మా గల్లీలో సర్కారు పోసిన సిమెంటు మొత్తం ఆ రెండు కాళ్లకే. బోర్డుకు అటుపక్క మనిషి పడతాడు, ఇటుపక్క సైకిలు పడుతుంది. బండి ఎటూ పట్టదు.

పాఠకులారా, ఇందులో ఎవరిని తప్పుపడదాం? పాహణి జరిగింది, ఫోటో తీశారు, ఫండు వచ్చింది, ఖర్చయింది, బోర్డు పడింది. పద్ధతిలో ఒక్క మెట్టు తప్పలేదు. ఇన్ని మెట్లలో ఏ ఒక్కచోటైనా ఎవరైనా ఆగి, "అమ్మా, నీ బండి ఎటు నుంచి పోవాలె?" అని అడిగి ఉంటే? అడగడానికి ఫండు అక్కర్లేదు. అందుకే కాబోలు అడగలేదు.

మరునాడు పొద్దున సాంబారు పొగలు కక్కుతున్న బండి బోర్డు ముందు ఆగింది. సారక్క కొంగు నడుముకు బిగించి, ఆదయ్య ఇంట్లోంచి గడ్డపార తెచ్చి, ఇంకా పచ్చిగా ఉన్న సిమెంటులో మొదటి పోటు వేసింది. చప్పుడు విని వినయ్‌కుమార్ నోట్లో బ్రష్షుతోనే ఉరికి వచ్చాడు.

"పెద్దమ్మా, ఆగు! సర్కారు సొత్తది! తవ్వితే కేసయితది!"

"కేసెప్పుడో అయింది కొడుకా. తవ్వకముందే తవ్విన్నని గోడకు అంటించిండ్రు. ఇప్పుడు నిజంగ తవ్వుతున్న. జర పక్కకు జరుగు, బస్సొచ్చే యాళ్లయింది."

ఆదయ్య నడుము పట్టుకుని వచ్చి రెండో కాలు అందుకున్నాడు. బోర్డు గోడకు ఒరిగింది. దాని కాళ్లున్నచోట రెండు గుంతలు మిగిలాయి. సారక్క బండిని వాటి మీదుగా, చక్రాలు అటొకటి ఇటొకటి వచ్చేలా నడిపించింది. చుక్క సాంబారు ఒలకలేదు.