పాటకు ముందే ఏడుపు

ఆ టీవీ పాటల పోటీలో ముందు కన్నీళ్లు, తర్వాతే పాటలు. పొద్దున్నే ఖాళీ వేదిక ముందు ప్రేక్షకులను కూర్చోబెట్టి చప్పట్లు, ఆశ్చర్యం, ఏడుపు వరసగా తీసిపెట్టుకుంటారు. పాటలు మధ్యాహ్నం. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు డైరెక్టరే. ఆ ఉదయం ఆయన యాంకరమ్మను పిలిచాడు. ఆమె మాటల ధాటికి అందరూ ఆమెను గలగల అంటారు.

"రెండు వారాలుగా చుక్క కన్నీరు లేదు. ఇవాళ ఆ అమ్మమ్మని ఏడిపించావా సరే, లేదంటే వచ్చే వారం కొత్త యాంకర్ని పెట్టుకుంటా."

అమ్మమ్మ అంటే పోటీలో పాడుతున్న పిల్ల అమ్మమ్మ. మొదటి వరసలో కూర్చుంది. ఆవిడ ముఖానికి నవ్వు తప్ప మరొకటి చేతకాదు.

"ఏడవాలా? ఎందుకు తల్లీ? పిల్ల ఇంకా నోరే తెరవలేదుగా!"

"పోనీ మీరు పడ్డ కష్టాలు తలుచుకోండి అమ్మమ్మగారూ."

"నాకేం కష్టాలమ్మా! మా ఆయన గురకొక్కటే. ఓసారి పక్కింటివాళ్లు అది విని, మా మోటారు చెడిపోయిందనుకుని మెకానిక్‌ని పంపించారు!"

ముందు వరసంతా పడీ పడీ నవ్వింది. గలగల చెవిలోని ఇయర్‌ఫోన్‌లో డైరెక్టర్ చిందులు తొక్కాడు. ఏం చెయ్యాలో పాలుపోక ఆమె అమ్మమ్మ పక్కనే కూలబడి, "నా ఉద్యోగం పోయేలా ఉందండీ" అంది. అమ్మమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా తల్లీ?"

అంతే! ఆ స్టూడియోలో ఇన్నేళ్లుగా ఎవ్వరూ అడగని మాట అది. గలగల ఆవిడ ఒళ్లో తలపెట్టి భోరుమంది.

మేకప్ గది టీవీలో మాటలు వినిపించవు, బొమ్మే కనిపిస్తుంది. గలగల అమ్మమ్మ ఒళ్లో పడి ఏడవడం చూసిన మనవరాలు, తాతయ్యకేదో అయిందనుకుంది. పరిగెత్తబోతే, పిలిచేదాకా సెట్‌లోకి రాకూడదని గుమ్మంలో ఆపేశారు. ఫోన్ చేస్తే తాతయ్య ఎత్తడు. ఆయన నిద్ర అలాంటిది. పక్కింటి అత్తయ్యకు చేసింది. అత్తయ్య వీధిని వెంటేసుకెళ్లి తలుపు బాదింది.

"బాబాయిగారూ, స్టూడియోలో ఏడుపులట! మీ మనవరాలు ఫోన్ చేసింది!"

తాతయ్య పెళ్లానికే ఏదో అయిందనుకుని దొరికిన బండెక్కేశాడు. కాసేపటికి వాచ్‌మన్ని తోసుకుని సెట్‌లో వచ్చిపడ్డాడు. ఒంటిమీద బనియన్, ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి అమ్మమ్మ పాత చెప్పు.

"ఏమేవ్, బాగానే ఉన్నావా?" అన్నాడు రొప్పుతూ.

అమ్మమ్మ ఆయన ముఖం చూసింది, కాళ్లు చూసింది. ఆ నవ్వు మొదటిసారి చెదిరింది.

"నాకోసం ఇలా పరిగెత్తుకొచ్చారా!" అని బావురుమంది.

మనవరాలు కూడా తోసుకొచ్చి ఇద్దరినీ చుట్టేసింది.

"అదీ! కన్నీరంటే అదీ! తీశావా?" అని డైరెక్టర్ కేకేశాడు.

కెమెరామన్ తీయలేదు. కెమెరాను నేలవైపు వదిలేసి రెండు చేతులా కళ్లు తుడుచుకుంటున్నాడు.

మధ్యాహ్నం పిల్ల చక్కగా పాడిందట, ఎవరికీ గుర్తులేదు. చివరికి టీవీలో వేసింది గలగల ఏడుపే. అది చూసి ఇంటింటా కళ్లు చెమర్చాయి, ఆమె ఉద్యోగం నిలబడింది. వారం వారం వచ్చి ఆ ఒక్క మాట అడగడానికి అమ్మమ్మకు మొదటి వరసలో కుర్చీ ఖాయం చేశారు.

గలగల కోసం అమ్మమ్మ తెచ్చే అన్నం క్యారియర్‌ను మాత్రం షూటింగ్ అయ్యేదాకా డైరెక్టర్ తెరవనివ్వడు. కడుపు నిండితే ఏడుపు రాదని ఆయన భయం.