పదింటికి ప్రమాదం

ఆ రోజు ఉదయం ఉడుత వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు స్పృహ తప్పాలి, పదిన్నరకు తెలివి రావాలి, పదకొండుకల్లా మళ్ళీ కొమ్మలు ఈడ్చుకోవాలి. అంతే.

ఉడుత అంటే తోకున్న ఉడుత కాదు. తోటల శాఖలో ఇరవై ఆరేళ్ళు చెట్లెక్కి ఎండుకొమ్మలు కోసిన మనిషి. రెండేళ్ళ కిందట ఎడమ మోకాలు మొండికేసి, పట్టు జారి, నడుం బెల్టు పుణ్యమా అని చెట్టు నడుమ సొరకాయలా వేలాడాడు. దెబ్బ తగల్లేదు. కాని ఆ వేలాడటాన్ని ఇంటి డాబా మీంచి అతని భార్య కళ్ళారా చూసింది. ఆ సాయంత్రమే ఒట్టు వేయించుకుంది, కాళ్ళు ఇక నేల విడవకూడదని. అప్పటినుంచి అతను కింద పనివాడు. పైవాళ్ళు కోసి పడేసింది ఈడ్చటం, మోకులు చుట్టటం, రంపం మిషన్లకు నూనె పొయ్యటం. మెడ మాత్రం ఎప్పుడూ పైకే.

"ఇవాళేంటి, అంత నున్నగా గడ్డం గీసుకున్నావ్?" అంది భార్య, మోకాలికి నూనె రాస్తూ.

"డ్రిల్లుందే. సేఫ్టీ సారొస్తాడు."

"చెట్టెక్కుతావా ఏంటి?"

"ఒట్టేశాగా! నా కాళ్ళు చెట్టెక్కవు."

అబద్ధం ఆడలేదు. కాళ్ళు ఎక్కవు. మనిషినే లాగుతారు.

ఏడాదికోసారి రక్షణ డ్రిల్లు. చెట్టు మీద ఒకడు స్పృహ తప్పినట్టు వేలాడాలి, ఇంకొకడు ఎక్కి దించాలి. దానికి రూలు పుస్తకం రాసింది సేఫ్టీ సారు. ఆయన జన్మలో కుర్చీ తప్ప ఏదీ ఎక్కలేదు. ఫ్యాను కింద కూర్చుని చెట్ల గురించి రాసేవాడి కలానికి ఏ కొమ్మా అడ్డం రాదు. ఈ ఏడు కొత్తగా ఏడో రూలు చేర్చాడు: "బాధితుడి పాత్రకు కింద పనివారినే వాడవలెను." ఎక్కేవాళ్ళ పని చెడకూడదని ఆయన ఉద్దేశం. ఇరవై ఆరేళ్ళలో ఆఫీసు రాసిన కాగితం ఒకటి తనకి పనికిరావటం ఉడుతకి ఇదే మొదలు. అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

పార్కు మధ్యలో నిద్రగన్నేరు. కప్పీకి మోకు తగిలించి నలుగురు లాగారు.

"బరువెక్కావ్ మామా!" అన్నాడు కొత్త పెళ్ళికొడుకు. పెళ్ళయి ఆర్నెల్లయినా డిపోలో అతనికి ఆ పేరు వదల్లేదు. ఇవాళ ఉడుతను ఎక్కి దించవలసింది అతనే.

"బరువు నాది కాదురా, మీ అత్త వంటది. లాగు!"

నలభై అడుగుల మీద కొమ్మ చీలిక. ఉడుత అక్కడ పొట్టి తాడుతో తనను తాను కట్టేసుకున్నాడు. లాగిన మోకు కిందివాళ్ళు తీసేశారు. అదుంటే దాంతోనే దించెయ్యొచ్చు, ఇక డ్రిల్లేముంది?

సారు పుస్తకం తెరిచి అరిచాడు. "తల వేలాడెయ్! మాట్లాడొద్దు! నిజంగా ప్రమాదమొస్తే చెయ్యెత్తి ఊపు, పన్నెండో రూలు!"

ఉడుత తల వేలాడేశాడు. ముక్కుకి బెరడు వాసన తగిలింది. పక్కనే తను ఏడేళ్ళ కిందట కొమ్మ కోసిన చోటు. చుట్టూ బెరడు పెదవిలా మడతపడి గాయాన్ని పూర్తిగా మూసేసింది. వేలితో తడిమాడు. చెట్టు మానుకుంది, మోకాలే మానలేదు. కింద ఎంత ఎండగా ఉన్నా ఇక్కడ గాలికి ఎప్పుడూ పని ఉంటుంది. ఈ గాలి కోసం రెండేళ్ళు కుళ్ళిపోయాడు. గాలి కోసమేనా? కాదు. గోడ అవతల నాలుగిళ్ళ తరవాత తన డాబా. పదింటికి ఆమె బట్టలు ఆరేస్తుంది. ఈ పార్కులో పని పడ్డప్పుడల్లా ఇతను ఇక్కణ్ణుంచి చెయ్యెత్తేవాడు. ఆమె తడి తువ్వాలు రెండుసార్లు విదిలించేది. ఇంట్లో ఆ ముచ్చట ఇద్దరూ ఒక్కనాడూ ఎత్తలేదు. ఇంట్లో మాట్లాడుకోటానికి కుళాయి ఉంది, మోకాలుంది.

పదయింది. ఆమె వచ్చింది. చొక్కాలు ఆరేసింది. చివర్న తువ్వాలు తీసుకుని, చెట్టు వైపు తిరిగి, రెండుసార్లు విదిలించింది.

ఉడుత తలెత్తాడు. తను ఇక్కడున్నట్టు ఆమెకి తెలీదే! అంటే ఈ రెండేళ్ళూ ఖాళీ చెట్టుకి విదిలిస్తోందన్నమాట.

స్పృహ తప్పిన మనిషి చెయ్యెత్తి, ఊడిపోతుందేమో అన్నంతగా ఊపాడు.

డాబా మీద తువ్వాలు ఆగిపోయింది. ఆమె కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపైన డాబా మీద ఆమె లేదు, మెట్ల తలుపు మాత్రం ఊగుతోంది.

కింద విజిలు మోగింది. "పన్నెండో రూలు! నిజం ప్రమాదం! డ్రిల్లు ఆపండి!"

"నాకేం కాలేదు సార్!" అని పైనించి ఉడుత కేక.

"నమ్మకండి! వేలాడేవాడికి రక్తం కాళ్ళలోకి దిగి మెదడు పనిచెయ్యదు. పద్నాలుగో రూలు, బాధితుడి మాట నమ్మరాదు!"

ఉడుత నోరు మూసుకుని తల వేలాడేశాడు. "స్పృహ పోయింది!" అన్నారు. తలెత్తి నవ్వాడు. "మతి చలించింది!" అన్నారు. ఏం చేసినా రోగమే అయింది.

పెళ్ళికొడుకు కంగారుగా మోకు విసిరి, ఉడుత పై కొమ్మకి తగిలించి, జరజరా ఎక్కాడు. రోజూ ఎక్కేముందు తొర్రలు చూసుకునేవాడు, ఇవాళ చూసుకోలేదు. పాతికడుగుల దగ్గర ఎర్రచీమల గూట్లో చెయ్యి పెట్టాడు. మోకు అక్కడే వదిలేసి, కాండాన్ని కావిలించుకుని జారుతూ, అమ్మమ్మ దాకా అందరినీ తలుచుకుంటూ నేలకొచ్చి దొర్లాడు.

వదిలేసిన ఆ మోకు ఉడుతకి చేతికందే దూరంలోనే ఊగుతోంది. జారుముడి వేసుకుని దిగిపోవచ్చు. కాని ఎవడు దిగుతాడు?

అంతలో గేటులోంచి ఆమె పరుగున వచ్చింది, భుజాన తడి తువ్వాలుతోనే.

"కాళ్ళు చెట్టెక్కవన్నావుగా!"

"నేనెక్కలేదే! వీళ్ళు లాగారు!"

"దిగు ముందు!"

"ఇంకో రెండు నిమిషాలు..."

సారు ఆమెకి సర్ది చెప్పబోయాడు. "అమ్మా, ఆయన మాట నమ్మకూడదు. రూలుంది."

"ఆ రూలు మా పెళ్ళినాటినుంచీ ఉంది. ఎవరెక్కుతారో చెప్పండి!"

సారు పుస్తకం తిప్పాడు. ప్రతి చెట్టుకీ మనిషిని దించటంలో శిక్షణ పొందినవాళ్ళు ఇద్దరుండాలని ఆయనే రాశాడు. రెండో మనిషికి శిక్షణ ఇప్పించటం ఎందుకని, ఆ గడిలో అప్పటికి తోచిన పేరు రాసి సంతకం పెట్టి పారేశాడు. ఇప్పుడు చదువుకున్నాడు. తనదే.

"మీదేనా?" అంది ఆమె, భుజం మీంచి తొంగి చూస్తూ. "అయితే హెల్మెట్టు పెట్టుకోండి!"

ఇంకో మోకు పక్క కొమ్మ మీదుగా విసిరి, సారుని దానికి కట్టి లాగారు. ఆ జట్టు ఏ కొయ్యదుంగనీ అంత ఉత్సాహంగా లాగి ఉండదు. చీమల మంటతో పెళ్ళికొడుకు కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. ముప్పై అడుగుల దగ్గర సారు కిందికి చూశాడు. అంతే. కొమ్మని వాటేసుకుని కళ్ళు మూసుకున్నాడు. పైకి లాగితే రాడు, కిందికి వదిలితే దిగడు.

"చెయ్యి ఊపండి సార్! పన్నెండో రూలు!" అని ఎవడో అరిచాడు. ఊపటానికి చెయ్యి వదలాలి కదా.

ఉడుత నిట్టూర్చాడు. డాబా వంక ఒక్కసారి చూసుకుని, పెళ్ళికొడుకు మోకు అందుకుని, ముడి వేసుకుని, తన పొట్టి తాడు విప్పుకుని, పది అడుగులు జారి సారు పక్కన ఆగాడు. ఆయన బెల్టుకి తన కొక్కెం తగిలించాడు.

"సార్, కళ్ళు తెరవకండి. బెరడు వాసన చూడండి. బాగుంది కదూ? ఇప్పుడు చిటికెనవేలు వదలండి. ఆఁ. దాని పక్కది."

పది వేళ్ళకి పావుగంట పట్టింది. ఇద్దరూ పక్కపక్కన నేలకి దిగారు. పన్నెండు జతల చేతులు చప్పట్లు కొట్టాయి. ఆమె కొట్టలేదు. తువ్వాలుతో మొగుడి మొహం తుడిచి, తరవాత అదే తువ్వాలుతో వీపు మీద ఒకటి వేసింది.

"ఖాళీ చెట్టుకి తువ్వాలు విదిలిస్తావా?" అన్నాడు ఉడుత, చిన్నగా.

"దుమ్ముంటే విదిలించనా?" అందామె. మొహం మాత్రం పక్కకి తిప్పుకుంది. ఇంకాసేపటికి, "ఈ డ్రిల్లు ఏడాదికి ఒకటేనా?" అంది.

సాయంత్రం సారు రిపోర్టు తెచ్చాడు: "స్పృహ కోల్పోయిన బాధితుడిని ఎత్తైన కొమ్మ నుండి క్షేమంగా దించడమైనది." ఎవరు ఎవరిని అన్నది రాయలేదు. కింద బాధితుడి సంతకం కావాలి. ఉడుత పెన్ను తీసుకున్నాడు, సంతకం పెట్టలేదు. తన షరతు చెప్పాడు. సారు చెట్టు వంక చూసి, గుటక మింగి, ఒప్పుకున్నాడు.

అప్పటినుంచి ఆ నిద్రగన్నేరు మీద ప్రతి నెలా మొదటి సోమవారం సరిగ్గా పదింటికి ప్రమాదం జరుగుతోంది. ఆ రోజు ఉతకాల్సిన బట్టలేవీ లేకపోయినా, నాలుగిళ్ళ అవతల ఒక తువ్వాలు మాత్రం తడుస్తుంది.