అరిగిన బేరింగు చల్లగా ఉండాలి

ప్రతి వీధికీ బేరింగు అరిగిన రంపం మిషను ఒకటి ఉండి తీరాలని నా నిశ్చితాభిప్రాయం. వీధి దీపం లేకపోయినా ఫరవాలేదు.

తొందరపడి నవ్వకండి. వేలూరు దగ్గరి గుడియాత్తంలో, వంటింటి గోడకు అవతలే మా వారి రంపం షెడ్డు ఉన్న ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసి, బాగా ఆలోచించి చెబుతున్నాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. రంపం మిషనులో పైన ఒక చక్రం, కింద ఒక చక్రం ఉంటాయి. పళ్ళున్న ఉక్కు పట్టీ వాటిని చుట్టుకుని గిర్రున తిరుగుతుంది. చక్రాల నడుమ ఇరుసుకు తొడిగిన కడియాల్లాంటివే బేరింగులు. లోపల ఉక్కు గుండ్లు ఉంటాయి. అవి బాగున్నంత కాలం మిషను తుమ్మెదలా పాడుతుంది. అరిగితే చక్రం ఊగుతుంది, పట్టీ వంకరపోతుంది, ఒక్కోసారి చక్రం మీది నుంచి జారి పడుతుంది. దీన్ని నష్టమని అజ్ఞానులు అంటారు.

ముందు ఆ శబ్దం సంగతి చూడండి. పొద్దున మా మిషను మొదలైతే ఇనప డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్టు వీధంతా మోగుతుంది. అత్తను కోడలు ఏమన్నా అత్తకు వినపడదు. గొడవ ముదరాలంటే మొదటి మాట చెవిన పడాలి కదా! ఇప్పుడు ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చింది. మధ్యాహ్నం సీరియల్లో మనుషులు నోళ్ళు తెరవడమే మాకు కనిపిస్తుంది. అందుకని ఒకే సీరియల్‌ను మా వీధిలో ఏ ఇంటివాళ్ళు ఆ ఇంటి కథగా చెప్పుకుంటారు. ఇంత కల్పనాశక్తి మీ వీధిలో ఉందా?

ఇక తలుపులు. దేశం తలుపులు తెరిచిందని పేపర్ల నిండా రాస్తున్నారు. సంతోషం. మా షెడ్డులో కోసిన తలుపులు మాత్రం తెరిస్తే మూసుకోవు, మూస్తే తెరుచుకోవు. పళ్ళికొండ మునుస్వామిగారు స్నానాలగదికి మా దగ్గరే తలుపు చేయించుకున్నారు. అది గడియ దాకా రాదు. లోపలికి వెళ్ళినవాళ్ళు పాట పాడుతూ ఉండాలని ఆ ఇంట్లో నియమం పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఇంటిల్లిపాదికీ గొంతు కుదిరింది. సరైన తలుపు తీసుకుపోయినవాడు మళ్ళీ మన ముఖం చూస్తాడా? వంకర తలుపు తీసుకుపోయినవాడు నెలనెలా వస్తాడు, కాఫీ తాగుతాడు, పోనుపోను చుట్టమవుతాడు.

బేరింగులు ఎందుకు అరిగాయని మీరు అడగవచ్చు. భక్తి వల్ల. ఏటా ఆయుధపూజకు మా వారు మిషనుకు తలంటు పోస్తారు. బిందెలకొద్దీ పసుపునీళ్ళు, పైన గంధం, విభూతి పట్టెలు. ఆ నీళ్ళకు లోపలి గ్రీజంతా కొట్టుకుపోతుంది. మళ్ళీ గ్రీజు పెట్టడం మర్యాద కాదని నా దేవుడి గూట్లోని దీపం నూనె పోస్తారు. నూనె, రంపపు పొట్టు కలిసి చిమిలి ఉండలా గట్టిపడతాయి. దేవుడి నూనె కాబట్టి ఎవరూ తుడవరు.

మునుపు బేరింగు మార్చకపోవడానికి ఒకే కారణం ఉండేది: దొరకదు. ఇప్పుడు వేలూరు అంగళ్ళలో ఫారిన్ బేరింగులు అద్దాల పెట్టెల్లో మిలమిలలాడుతున్నాయి. మా వారు వెళ్ళి దర్శనం చేసుకుని ఉత్త చేతులతో వస్తారు. "ఇన్ని రకాలు వచ్చినాక ఏది మంచిదో ఎట్ల తెలుస్తుంది? ఇంకా మంచిది వస్తుందేమో చూస్తాం" అంటారు. సరుకు లేనప్పుడు ఆగాం, సరుకు వచ్చాక ఎంచుకోలేక ఆగాం. ఇదే కదా అభివృద్ధి!

ఇన్ని లాభాలనూ గుర్తించని మనిషి ఒకడున్నాడు. పేరు ఏళుమలై. మా షెడ్డులో కోతపని అతనిది. పొద్దున్నే మా వారు మిషనుకు కర్పూరం తిప్పి, స్విచ్చి వేసి, వెళ్ళి కుర్చీలో కూర్చుంటారు. ఆ తర్వాత సాయంత్రం దాకా పళ్ళ ముందుకు చెక్క తోసేది ఏళుమలై. స్విచ్చి వేసే చెయ్యి వేరు, చెక్క తోసే చెయ్యి వేరు. మా వృత్తిలో ఇది ఆచారం.

ఒకనాడు పట్టీ జారి అతని చొక్కా చేతిని పొడుగునా చీల్చేసింది. చొక్కాతోనే ఆగింది.

"మొదలాళీ, పైచక్రం ఆడతా ఉండాది. బేరింగు పోయింది" అన్నాడు ఏళుమలై. మొదలాళి అంటే యజమాని.

"ఇంకా పదేండ్లు వస్తాదప్పా. ఆ శబ్దం లేకుంటే నువ్వు నిలబడే నిద్రపోతావు" అన్నారు మా వారు.

మర్నాడు అతని భార్య పాపాతి నా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చిరిగిన చొక్కా కుట్టడానికి దారం అడిగింది. దారం చేతిలో పెట్టుకుని కదల్లేదు.

"అక్కా, నా మొగుడు చెయ్యి యాడ పెడతా ఉండాడో మొదలాళి ఎప్పుడన్నా చూసినాడా?"

"రోజూ చూస్తారు పాపాతీ. కుర్చీలో నుంచి."

"అంత దూరం నుంచి చూస్తే నాకు గూడా పులి పిల్లి మాదిరే ఉంటాది."

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను విషయం ఎత్తాను. "నీ బి.ఎ.లో బేరింగు పాఠం ఉండిందా?" అని అడిగారు మా వారు. లేదని ఒప్పుకున్నాను. మజ్జిగ వడ్డించాను.

ఇంతలో గంగమ్మ జాతర వచ్చింది. ఒక పొద్దున ఏళుమలై మణికట్టుకు పసుపు కాపు, అంటే జాతర మొక్కు కంకణం, కట్టుకుని వచ్చాడు. వెనకాలే పాపాతి.

"కాపు కట్టిన చెయ్యి రంపం పళ్ళ ముందర పెట్టకూడదంట మొదలాళీ" అంది.

"ఎవరు చెప్పినారు?"

"అమ్మ."

"ఏ అమ్మ? మీ అమ్మనా?"

"గంగమ్మ. కావాలంటే మీరే పోయి అడగండి."

అలాంటి నియమం నేను ఎన్నడూ వినలేదు. ఊళ్ళో ఎవరూ విని ఉండరు. కానీ వెళ్ళి అడిగి కనుక్కునే ధైర్యం ఎవరికుంది?

అణైకట్ అంజప్పగారి గృహప్రవేశానికి పూజగది తలుపులు ఆ రోజే కోయాలి. ఆయన బల్ల మీద కూర్చుని ముహూర్తం గుర్తు చేస్తున్నారు. జాతర రోజుల్లో ఇంకో కోతవాడు దొరకడు. మా వారు లుంగీ ఎగగట్టారు. కర్పూరం మామూలు కంటే కాస్త ఎక్కువసేపే తిప్పారు. స్విచ్చి వేశారు. కుర్చీ వైపు తిరగబోయి, జ్ఞాపకం వచ్చి, చెక్క పట్టుకున్నారు.

నేను కిటికీలో నుంచి చూస్తున్నాను. చెక్క బెత్తెడు లోపలికి వెళ్ళింది. పైచక్రం ఒక ఊపు ఊగింది. పట్టీ పాములా మెలికపడి మళ్ళీ సర్దుకుంది. మా వారు పట్టీని చూశారు. తర్వాత తన పది వేళ్ళనూ చూసుకున్నారు, చాలాకాలానికి ఇంటికొచ్చిన చుట్టాలను చూసినట్టు. స్విచ్చి ఆపేశారు.

"ఏమప్పా ఈ శబ్దం?" అన్నారు.

"ఏం శబ్దం మొదలాళీ?" అన్నాడు గడప మీద కూర్చున్న ఏళుమలై. "నాకేమీ వినబడలేదే."

మా వారు వేలూరు బస్సు పట్టుకున్నారు. ఏది మంచిదో చూడలేదు, ఇంకా మంచిది వస్తుందేమో ఆగలేదు. పొద్దు వాలకముందే పైచక్రానికీ కిందచక్రానికీ కొత్త బేరింగులు పడ్డాయి. ఆ పూటే పాపాతి వచ్చి, బేరింగు కొత్తదైతే కాపు కట్టిన చెయ్యి పెట్టినా తప్పు లేదని అమ్మ మళ్ళీ చెప్పిందని తెలియజేసింది. అంజప్పగారి తలుపులు గీత గీసినట్టు తెగాయి.

కాబట్టి పాఠకులారా, బేరింగు అరుగుదల బేరింగులో ఉండదు. దాని ముందు ఎవరి చెయ్యి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏళుమలై చేతికి పదేళ్ళు వచ్చే బేరింగు, యజమాని చేతికి బెత్తెడు చెక్క దాటి రాలేదు. బస్సు బ్రేకులను బస్సు ఓనరు చేత, తోళ్ళు పదును చేసే షాపు కాలవ పక్క బావి నీళ్ళను షాపు ఓనరు చేత పరీక్ష చేయిస్తే ఎన్ని వస్తువులు ఒక్క పూటలో అరిగిపోతాయో! దేశం తట్టుకోగలదా? అందుకే అంటున్నాను, అరిగిన బేరింగుల జోలికి పోకండి. ఎవరి చెయ్యి ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి.

ఇప్పుడు షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. అవతల మాట్లాడే మాటలన్నీ నా వంటింట్లోకి వినపడుతున్నాయి. "శబ్దం వినంగానే నాకు తెలిసిపోయింది. నీ కోసమే మార్చినా ఏళుమలై" అంటున్నారు మా వారు.

మర్నాడు సాయంత్రం పాపాతి దారం ఉండ తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"మొదలాళి చేతికి ఏమన్నా తగిలిందా అక్కా?"

"ఏమీ తగల్లేదు."

పాపాతి దారం ఉండ నా చేతిలో పెట్టింది.

"కొంచెం గీరుకోని ఉంటే రంపం పట్టీ గూడా మారి ఉండును" అంది.