పాలపిట్ట ఎయిర్‌వేస్ ఘనచరిత్ర

విమానం ఆలస్యం కావడం మనిషికి దక్కిన మహాభాగ్యం! నమ్మరా? అయితే మీరు పాలపిట్ట ఎయిర్‌వేస్ టికెట్ ఎన్నడూ కొనలేదన్నమాట.

ఆ కంపెనీ స్థాపకుడు పద్మారావు నగర్ రాఘవేందర్. అంతకుముందు పెళ్లిళ్లకు బస్సులు తిప్పేవాడు. బస్సుకు రెక్కలు పెడితే విమానమే గదా అనుకున్నాడు. ఒకే ఒక్క విమానంతో మొదటి ఏడాది విజయవాడ, తిరుపతి, రాజమండ్రి అన్నాడు. రెండో ఏడు తిరుపతిని ఆ దేవుడికే వదిలేశాడు. మూడో ఏటికి రాజమండ్రి ఒక్కటే మిగిలింది. అదీ ఇంజన్ మనసు బాగున్న రోజున!

ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఈ చరిత్రంతా మోసింది తిరుమలగిరి దేవకృప. సండేస్కూల్లో పిల్లలకు సహనం బోధించిన అమ్మాయని తెలిశాక రాఘవేందర్ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అడగలేదు.

ఆమె మైకులో "కొద్దిసేపట్లో" అంటే చాలు, జనం చెప్పులు విడిచి బాసింపట్టు వేసేవారు. ఎంత మేలు జరిగిందనుకున్నారు! మాటల్లేని అన్నదమ్ములు వేరే దిక్కులేక మాట్లాడుకుని పొలం తగాదా తెంపుకున్నారు. ఒకావిడ మనవడికి స్వెట్టర్ మొదలుపెడితే, అల్లడం పూర్తయ్యేసరికి అది వాడికి పొట్టయిపోయింది. ఇంతటి తీరిక ఏ రైల్లో దొరుకుతుంది?

అలాంటి దేవకృపకు రాజమండ్రి టీచరు ఆషర్‌తో సంబంధం కుదిరింది. మర్నాడు పొద్దున అక్కడే ప్రధానం, అదే నిశ్చితార్థం. పాస్టరు గారు, ఉంగరం, కేకు అన్నీ సిద్ధం. పెళ్లికూతురే ఇంకా సికింద్రాబాద్‌లో ఉంది.

"పరేషాన్ ఎందుకమ్మా? మన ఫ్లైట్లనే పో. స్టాఫ్‌కు ఫ్రీ!" అన్నాడు రాఘవేందర్.

దేవకృప ఇంటికి ఫోన్ చేసింది.

"ఏందే, నీ విమానంలనే పోదామా?" అంది తల్లి జెరూషా.

"మమ్మీ, నాకు పెండ్లి కావాలె!"

ప్రయాణికులకు మైకులో "కొద్దిసేపట్లో" అని తియ్యగా చెప్పి, డ్యూటీ దిగి, తల్లితో సికింద్రాబాద్ స్టేషన్లో సాయంత్రం రైలెక్కింది. బోగీలోకి వచ్చి కొయ్యబారిపోయింది. కిటికీ పక్కన, ఒళ్లో పులిహోర డబ్బాతో రాఘవేందర్!

"సార్! మీరు... రైల్ల?"

"జెర మెల్లగ మాట్లాడమ్మా. బామ్మర్ది గృహప్రవేశం. టైంకు పోవాలె గద!"

పై బెర్తు నుంచి ఇంకో తల వంగింది. పైలట్ కాలేబు!

"అన్నా, మరి మన విమానం ఎవరు నడుపుతరు?"

"అది నిన్నటి నుంచి రాజమండ్రిలనే ఖరాబై ఉన్నది సిస్టర్. నేను బస్సుల వాపసొచ్చిన, ఇగ బాగు చేయించి తోల్కరానీకే పోతున్న."

"మరి ఆడ కూసున్న ప్యాసింజర్లు?"

"వాళ్లకు నువ్వు చెప్పొచ్చినవ్ గదమ్మా!" అన్నాడు రాఘవేందర్, మెచ్చుకోలుగా.

దేవకృప ముఖం కందిపోయింది. సిగ్గుతో ఫోన్ తీసి, కౌంటర్లో ఉన్న క్యారల్‌కు చెప్పింది: "మైకుల నిజం చెప్పెయ్. పైసలు వాపస్ ఇచ్చి అందరినీ ఇంటికి పంపు. నౌకరి పోతే పోనీ!"

రాఘవేందర్ ఉలిక్కిపడ్డాడు గానీ, అంతలోనే టీసీ వచ్చాడు. ఓనరుగారి కోపం అటు మళ్లింది.

"అందరం ఎక్కినం గద, ఇంక బండి కదలదేంది?"

"టైం కాలేదు సార్."

"అయితే?"

"టైం అయినంక కదులుతది."

రాఘవేందర్, కాలేబు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాపం, ఇంత చిన్న ఉపాయం ఇన్నేళ్లుగా వాళ్లకు తట్టనే లేదు!