ఒక పార వెడల్పు

ఆ ఉదయం హిరనుమ పెట్టుకున్న పని చిన్నదే. వాకిట్లో మంచు తీయాలి, కాళ్ళు వెచ్చబెట్టుకోవాలి, మిసో అనే సోయా ముద్ద కలిపిన చారుతో అన్నం తినాలి. జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదోలో జనవరి నెలలో ఇంతకు మించి ఏదైనా తలపెట్టేవాడు కొత్తగా వచ్చినవాడై ఉంటాడు. తలుపు తెరిస్తే వాకిలి లేదు. అది ఉండవలసిన చోట మోకాటి లోతు తెలుపు ఉంది. దాని చివర, తెల్లవారకముందే రోడ్డు ఊడ్చుకుంటూ పోయే మునిసిపాలిటీ బండి ఇంటింటి ముందూ వదిలిపోయే మంచుగట్టు రాయిలా బిగుసుకుని ఉంది. రోడ్డు అందరిదీ. గట్టు మాత్రం ఎవరిది వాళ్ళది.

హిరనుమ రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి. మాటలకంటే గుర్తులను నమ్మడం ఆయనకు అలవాటు. భార్య నొబుకొ ఉన్నన్నాళ్ళూ ఇరుగుపొరుగుతో మాటలన్నీ ఆవిడే మాట్లాడేది. ఆవిడ పోయాక చూసుకుంటే ఆయన వాటాకు చలి గురించి రెండు ముక్కలు తప్ప మరేమీ మిగల్లేదు. ఆ రెండు ముక్కలూ కూడా ఎప్పుడు వాడాలో తెలిసేది కాదు.

పక్కింట్లో సుగిమొరి ఉంటుంది. నర్సుగా చేసి మానేసింది, ఒంటరి మనిషి. ఇద్దరికీ మధ్య సంభాషణంతా మంచులోనే జరిగేది. ఆ వీధిలో ఒక పద్ధతి ఉంది. ఎవరి వాకిలి వాళ్ళు తీసుకున్నాక, హద్దు దాటి పక్కవాళ్ళ వైపు ఒక పార వెడల్పు కూడా తీయాలి. అసలు తీయకపోతే మోటుతనం. మొత్తం తీసేస్తే ఇంకా మోటుతనం, ఎదుటి మనిషి నెత్తిన దించుకోలేని బరువు పెట్టినట్టు. ఒక పార వెడల్పు అంటే, మీరు అక్కడ ఉన్నారని నాకు తెలుసు, అని. అంతే.

హద్దు దాటి సుగిమొరి తీసిన ఆ కాస్త జాగాను హిరనుమ ప్రతి ఉదయమూ చదువుకునేవాడు. అంచు నిటారుగా ఉంటే ఆవిడకు మంచి నిద్ర పట్టిందని, వంకర పోయి ఉంటే మోకాలు నొప్పిగా ఉందని. ఈ వారం అసలేమీ లేదు. ఆవిడ జారిపడి కుడి మణికట్టుకు కట్టు కట్టించుకుంది. కిటికీలోంచి ఆ కట్టును చూసిన రోజు ఆయన చారులో మిసో వేయడం మర్చిపోయి వేడినీళ్ళు తాగాడు.

దానికి తోడు నిన్న వీధి సంఘం అధ్యక్షురాలు తొగాషి ఎదురైంది. ఆవిడ గొంతుకు మంచు కూడా అడ్డు కాదు.

"ఏమండీ హిరనుమ గారూ, తెలుసా మీకు? రేపు పొద్దున్నే సుగిమొరి గారింటికి ఎవరో ఆఫీసాయన వస్తున్నాడట, ఇల్లు చూడ్డానికి. వాళ్ళ చెల్లెలేమో సప్పొరో పట్నం వచ్చెయ్యక్కా అని ఒకటే పోరట. పాపం, ఆ చేత్తో ఎన్నాళ్ళని తోస్తుంది చెప్పండి?"

ఆవిడ చెప్పింది రెండు సంగతులు. వాటిని ఒకటిగా కుట్టింది హిరనుమ. ఇల్లు చూడ్డానికి వచ్చేవాడు కొనేవాడే అయి ఉంటాడు. ఆవిడ వెళ్ళిపోతుంది. ఇక ఆ హద్దుకు అవతలి వైపు ఎవరూ ఉండరు. పరాయివాళ్ళు ఎవరో వస్తారు, వాళ్ళు మంచు తీసే యంత్రం కొనుక్కుంటారు.

అందుకని ఆ ఉదయం, తన వాకిలి తీయడం పూర్తయి, హద్దు దాటి ఒక పార వెడల్పు తీశాక, ఆయన ఆగలేదు. రెండు చేతులా పట్టుకుని తోసే పెద్ద ఇనప చేటతో ఇంకొకటి తీశాడు. ఆ తర్వాత ఇంకొకటి. చలికాలం అంత భయపడాల్సినది కాదని ఆవిడకు అనిపిస్తే చాలు, అనుకున్నాడు. గట్టును పారతో పగలగొట్టాడు. ఆవిడ మంచు పోయడానికి ఆవిడ వైపు చోటు లేక తన తోటలోనే పోశాడు. నొబుకొ నాటిన పొదల మీద కొండ లేచింది. పూర్తయ్యేసరికి సుగిమొరి వాకిట్లో నేల కనిపిస్తోంది. వేసవి తర్వాత ఆ నేలను ఎవరూ అంత స్పష్టంగా చూసి ఉండరు.

తలుపు తెరుచుకుంది. సుగిమొరి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఇదంతా... మీరేనా?"

"అలా తోస్తూ తోస్తూ..." అన్నాడు హిరనుమ. "ఆగడం కుదరలేదు."

"అయ్యయ్యో. ఇంత పని చేశారా? ఇంత చేస్తే నేనేమైపోవాలండీ?" ఆవిడ నేల వంక, ఆయన వంక, రోడ్డు వంక మార్చి మార్చి చూసింది. "అదీ ఇవాళే."

"ఇవాళ అయితే ఏం?"

"ఏం లేదు. వచ్చేవాళ్ళు ఈ వాకిలి చూస్తే ఏమనుకుంటారో అని."

"చాలా బాగుందనుకుంటారు."

"అదేనండీ నా భయం," అంది సుగిమొరి. వెంటనే నాలుక కరుచుకుని, నడుం వంచి నమస్కరించి, లోపలికి వెళ్ళి కోటు వేసుకుని వచ్చింది. అంత పెద్ద ఉపకారం ఇంట్లో పెట్టుకుని కూర్చోవడం ఆ వీధిలో ఎవరివల్లా కాదు. బదులుగా ఏదో ఒకటి కొనుక్కురావడానికి స్టేషన్ దగ్గర మిఠాయి కొట్టుకు గబగబా వెళ్ళిపోయింది.

హిరనుమ చేట పట్టుకుని నిలబడ్డాడు. అదే నా భయం. ఆ మాటను ఆయన ఎర్రదీపం చూసినట్టు చూశాడు. అంటే ఆవిడకు అమ్మడం ఇష్టం లేదు. చెల్లెలు బలవంతపెడుతోంది. కొనేవాడు వచ్చి ఈ శుభ్రమైన వాకిలి చూస్తాడు, ఇక్కడ మంచు బాధ లేదనుకుంటాడు, అక్కడికక్కడే సరేనంటాడు. ఇల్లు తన చేతులతో తనే అమ్మి పెట్టాడు.

చేయవలసింది ఒకటే. మంచును తిరిగి తేవాలి.

తీయడం కంటే పోయడం తేలిక అనుకున్నాడు. కాదు. చేటతో తెచ్చి పోసిన మంచు కుప్పలా ఉంది తప్ప, కురిసినట్టు లేదు. ఏ కొనుగోలుదారుడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. ఆకాశం కుప్పలు పోయదు. పారతో సర్దితే గోడకు సున్నం వేసినట్టుంది. చేతులతో చల్లితే ఉండలు పడ్డాయి. ఆయన వంటింట్లోకి వెళ్ళి నొబుకొ పిండి జల్లించుకునే జల్లెడ తెచ్చాడు.

జల్లెడ బ్రహ్మాండంగా పనిచేసింది. మంచు నింపి, అంచు మీద మెల్లగా తట్టితే, సన్నగా, సమంగా, సాక్షాత్తూ కురిసినట్టే రాలింది. హిరనుమ వంగి, గుమ్మం నుంచి రోడ్డు వైపు వెనక్కి నడుస్తూ తట్టుకుంటూ వచ్చాడు. నొబుకొ చేతి పట్టు అరిగి నునుపైన పిడి ఆయన అరచేతిలో ఉంది. చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది. ఈల కూడా వేశాడేమో, ఆయనకే తెలియదు.

"హిరనుమ గారూ."

వెనక్కి తిరిగాడు. సుగిమొరి చేతిలో గుడ్డలో చుట్టిన మిఠాయి పెట్టె. పక్కన, దారిలో కలిసినట్టుంది, తొగాషి. ఇద్దరూ జల్లెడ వంక చూస్తున్నారు.

ఆ ఊళ్ళో మనిషి చేయగల తప్పులు చాలా ఉన్నాయి. పక్కవాళ్ళ వాకిట్లో మంచు పోయడం వాటన్నిటికంటే పైన ఉంటుంది. దాని మీద మాటలు మానేసిన అన్నదమ్ములు ఉన్నారు.

"పోస్తే పోశారు," అంది తొగాషి చివరికి, "జల్లెడ పట్టి మరీనా?"

"అది... కురిసినట్టు ఉండాలని," అన్నాడు హిరనుమ. నోట్లోంచి వచ్చాక అది ఇంకా అన్యాయంగా వినిపించింది.

సుగిమొరి ముఖం పాలిపోయింది. "నేనన్న మాటకు కోపం వచ్చిందా? నా ఉద్దేశం అది కాదండీ. అంత కష్టపడి తీశారు కదా, నేనే తిన్నగా చెప్పలేకపోయాను..."

"కోపం కాదు."

"మరి?"

మరి? ఆ ప్రశ్నకు జవాబు ఆయన దగ్గర పూర్తిగా ఉంది. మీరు వెళ్ళిపోతే పొద్దున లేచి నేను చదువుకునేది ఏమీ ఉండదు. అది గొంతు దాకా వచ్చి, అక్కడ భార్య లేకపోవడం చూసి, ఆగిపోయింది.

"చలి ఎక్కువగా ఉంది," అన్నాడు.

"చూశావా తల్లీ, ఎగతాళి కూడానూ!" అంది తొగాషి.

సరిగ్గా అప్పుడే ఒక చిన్న తెల్లకారు మలుపు తిరిగి వచ్చి, సుగిమొరి వాకిట్లోకి ఒయ్యారంగా తిరిగి, హిరనుమ మొదట పోసిన కుప్పలో ముక్కు దూర్చి ఆగిపోయింది. పైన జల్లించిన మంచు వల్ల కింద కుప్ప ఉందని ఎవరికీ తెలియదు. అంత బాగా వచ్చింది పని. చక్రాలు కాసేపు ఆవేశపడి ఊరుకున్నాయి. ముప్పై దాటిన ఒకాయన, మెడలో మఫ్లరు, చేతిలో కొలత టేపుతో దిగి, తొడ దాకా దిగబడ్డాడు.

"మునిసిపల్ ఆఫీసు నుంచి వచ్చానండీ, అసరి అంటారు," అన్నాడు దిగబడిన చోటి నుంచే. "సుగిమొరి గారంటే? పెద్దవాళ్ళకు మంచు తీసిపెట్టే సాయం కోసం అడిగారు కదా, వాకిలి చూసి వెళదామని."

హిరనుమ జల్లెడ దించాడు. కొనేవాడు కాదు. ఎవరూ ఏమీ అమ్మడం లేదు.

"ముందు మిమ్మల్ని పైకి లాగాలి," అంది తొగాషి. ఆయన్ని లాగారు. తర్వాత నలుగురూ కారును తోశారు. సుగిమొరి ఎడమచేత్తో తోసింది. హిరనుమ పక్కనే నిలబడి తోస్తూ చిన్నగా అంది: "సాయం ఇస్తే ఉండిపోదామనే. లేకపోతేనే చెల్లెలి దగ్గరికి."

కారు బయటపడింది. అసరి మఫ్లరు సవరించుకున్నాడు.

"విషయం ఏంటంటే అమ్మా, అడిగేవాళ్ళు చాలామంది, పంపడానికి మనుషులు తక్కువ. అందుకని ఇంట్లో గానీ పక్కింట్లో గానీ తీసిపెట్టేవాళ్ళు లేనివాళ్ళకే ఇస్తాం. పొద్దున వాకిలి శుభ్రంగా కనపడితే, సాయం ఉన్నట్టే లెక్క, కుదరదని చెప్పేసి వెళ్ళిపోవాల్సి వచ్చేది." చుట్టూ చూశాడు. "ఇక్కడైతే... ఇది నిన్న కురిసిందేనా?"

"కురవడమా!" తొగాషికి ఇక ఆపుకోవడం సాధ్యం కాలేదు. "ఈ పెద్దమనిషి పోశాడు బాబూ. పక్కింటాయన. చెయ్యి విరిగిన ఆడమనిషి వాకిట్లో, జల్లెడ పట్టుకుని పోస్తున్నాడు. నా కళ్ళతో చూశాను!"

అసరి జల్లెడను చూశాడు. ఆయన ఉద్యోగంలో చాలా చూసి ఉంటాడు, ఇది చూసి ఉండడు.

"అంటే పక్కింటి నుంచి సాయం ఉండదన్నమాట?"

సుగిమొరి నోరు తెరిచింది. ఆవిడకు అబద్ధం చెప్పడం చేతకాదు, నిజమే చెప్పబోతోందని ఆవిడ ముఖం చూస్తేనే తెలుస్తోంది. హిరనుమ జీవితంలో మొదటిసారి ఒకరి మాటకు అడ్డుపడ్డాడు.

"ఉండదు," అన్నాడు. "నేను అలాంటి మనిషిని."

"మొదటి నుంచీ ఇంతేనా?"

ఆయన ఆలోచించాడు. "భార్య పోయినప్పటి నుంచి," అన్నాడు. వీలైనంత నిజంగా చెప్పాలనిపించింది.

అసరి తల ఊపాడు, కొంచెం జాలిగా, ఎవరి మీదో తెలియకుండా. "రేపటి నుంచి మనుషులు వస్తారమ్మా. గట్టు తీసేస్తారు, తలుపు దాకా దారి చేస్తారు. ఎక్కడికీ వెళ్ళాల్సిన పన్లేదు. ఫిబ్రవరిలో మళ్ళీ ఒకసారి వచ్చి చూస్తాను, పరిస్థితి ఏమైనా మారిందేమోనని." కారెక్కుతూ హిరనుమ వైపు తిరిగి, "పెద్దవారు, మీరు కూడా కాస్త ఆలోచించండి," అన్నాడు.

తొగాషి కూడా వెళ్ళిపోయింది. ఆ వార్తతో ఆవిడ ఆగవలసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇద్దరే మిగిలారు. సుగిమొరి మిఠాయి పెట్టె ముందుకు చాచింది.

"ఇది దేనికి?" అన్నాడు హిరనుమ.

"పొద్దున తీసినందుకు."

"తిరిగి పోసేశాను కదండీ."

"దానికి వేరే తెస్తాను," అంది సుగిమొరి. పెట్టె ఆయన చేతికిచ్చి, "ఇల్లు అమ్ముతున్నాననుకున్నారా?" అంది.

ఆయన జల్లెడ అంచు మీద తట్టాడు. మిగిలిన మంచు సన్నగా బూటు మీద రాలింది.

"టీ పెట్టడం వచ్చు నాకు," అన్నాడు చివరికి. "అంత బాగుండదు. మా ఇంటికి వస్తారా?"

"చలి ఎక్కువగా ఉంది కదా," అంది సుగిమొరి, ఆయన మాటే ఆయనకిచ్చి, హద్దు దాటి నడిచింది.

మర్నాడు మునిసిపాలిటీ మనుషులు వచ్చి, అన్నట్టే గట్టు తీసి, తలుపు దాకా దారి చేసి వెళ్ళారు. హద్దు పక్క జాగా వాళ్ళ పని కాదు, వదిలేశారు. హిరనుమ బయటికి వచ్చేసరికి హద్దుకు ఇటువైపు, తన వాకిట్లో, కాస్త నేల కనిపిస్తోంది. ఎడమచేత్తో తీసిందది. పార వెడల్పు కూడా లేదు, అంచు పాములా మెలికలు తిరిగింది. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు. సరిచేయలేదు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం సుగిమొరి హద్దు దగ్గర నిలబడి పిలిచింది. "హిరనుమ గారూ, రేపు పొద్దున అసరి గారు వస్తారట. గుర్తుంది కదా?"

"గుర్తుంది," అని ఆయన లోపలికి వెళ్ళి జల్లెడ కడిగి ఆరబెట్టుకున్నాడు. ఆ వీధిలో చెడ్డపేరును అంత శుభ్రంగా చూసుకునే మనిషి మరొకరు లేరు.