నడిసముద్రంలో ముత్యాలయ్య

ఆ పొద్దు ముఖేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు చెన్నై నుంచి సుభాషిణి మేడం వస్తుంది. అతను రెండేళ్లు కూర్చుని తయారుచేసిన ఫోను ఆటను చూస్తుంది. నచ్చితే ఆమె కంపెనీ తీసుకుంటుంది. నచ్చకపోతే ముఖేష్ మళ్లీ జువ్వలదిన్నె హార్బరులో ఐసుగడ్డలు పగలగొట్టుకోవాలి.

ఆట పేరు 'వేట'. బోటెక్కాలి, వల వెయ్యాలి, ఎదురుచూడాలి. మూడు గంటలు ఎదురుచూడాలి. అప్పటికైనా చేప పడుతుందన్న నమ్మకం లేదు.

"ఆటంటే సరదాగా ఉండాలి కదయ్యా. ఇందులో సరదా ఏదీ?" అని మేడం ముందురోజే ఫోన్లో అడిగింది.

"సముద్రంలో మాత్రం యాడుంది మేడం?"

"సరే, ఒక్క మనిషి దీన్ని ఇష్టంగా ఆడుతుంటే చూపించు. చాలు."

ఆ ఒక్క మనిషిగా ముఖేష్ తన మేనమామ ముత్యాలయ్యను ఎంచుకున్నాడు. మోకాళ్లు అరిగి ఆయన రెండేళ్లుగా ఒడ్డునే ఉన్నాడు. సముద్రం వైపు చూసి ఆయన నిట్టూరిస్తే ఆరేసిన వలలు ఎగిరి పక్కింట్లో పడేవి. పొద్దున్నే ఆయన్ను వలల షెడ్డులో కూర్చోబెట్టి, ఆయన ఫోన్లోనే ఆట పెట్టిచ్చి, మేడాన్ని తీసుకురావడానికి ముఖేష్ బైకు మీద బిట్రగుంట స్టేషనుకు వెళ్లాడు.

అతను అటు వెళ్లగానే, కావలి మార్కెట్లో చేపలమ్ముతున్న చెంచమ్మ మొగుడికి ఫోన్ చేసింది.

"ఏమయ్యో, గంజి తాగినావా?"

"గంజేందే! నడిసముద్రంలో ఉండా. ఇంజను ఆగిపొయ్యింది, గాలి తిరగబడింది. పెట్టెయ్ ఫోను!"

ఆట చెడిపోతుందన్న కోపంతో ముత్యాలయ్య, మేనల్లుడు నేర్పిన విమానం గుర్తు నొక్కేశాడు. ఇక చెంచమ్మ ఎన్నిసార్లు చేసినా ఆ ఫోను పలకలేదు. ఆమె గంప అక్కడే వదిలేసి, ఆటో ఎక్కుతూ హార్బరులో ఉన్న ఎస్తేరమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది. ఎస్తేరమ్మ జువ్వలదిన్నెలో కేకేస్తే కోవూరులో పొలం దున్నేవాళ్లు ఎద్దుల్ని ఆపేస్తారు.

"బోటాగిపొయ్యిందిరో!"

ఆ తీరంలో ఒక పద్ధతి ఉంది. ఆ కేక వినబడితే ఒక్క బోటు కూడా ఒడ్డున కట్టేసి ఉండకూడదు. ఎవరి బోటు, ఎటు పోయింది అన్నవి నీళ్ల మీదికి పోయాకే అడుగుతారు. పది నిమిషాల్లో హార్బరు ఖాళీ అయిపోయింది.

ముఖేష్ మేడాన్ని తీసుకొచ్చేసరికి అక్కడ ఏడ్చే ఆడవాళ్లు, మొరిగే కుక్కలు తప్ప ఎవరూ లేరు.

"ఏమైందక్కా?"

"మీ మామ బోటేసుకోని పొయినాడంట నాయనా! నడిసముద్రంలో ఇంజను ఆగిపొయ్యిందంట!" అంది ఎస్తేరమ్మ.

ముఖేష్ షెడ్డుకు పరుగెత్తాడు. అక్కడ ముత్యాలయ్య చెప్పులు మాత్రమే ఉన్నాయి. అతని వెనకే మేడం కూడా వచ్చింది.

"నేనే చేసినా మేడం! ఊరుకున్న మనిషికి ఆట చూపించి ఆశ పుట్టించినా. నిజంగానే పొయినాడు!"

అప్పుడే ఆటో దిగిన చెంచమ్మ అతని వీపు మీద రెండు చరిచింది. "నీ ఆట మన్నుగాను! నా మొగుణ్ణి తెచ్చియ్ రా!"

రెండు గంటల తర్వాత బోట్లు ఒక్కొక్కటే వట్టి చేతులతో తిరిగొచ్చాయి. అన్నిటికంటే చివర పక్క ఊరి కుర్రాళ్ల బోటు వచ్చింది. దాని ముందుభాగాన, తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు నిలబడి అరుస్తున్నాడు.

"దక్షిణం పక్క కూడా గాలించినాం! దొరకలా! ఎవురో ముసలోడంట! ఈ వయసులో ఒంటరిగా పొయినోడెవడో గానీ, వాడికి బుద్ధుందా?"

"లేదయ్యో, లేదు!" అంటూ చెంచమ్మ మోకాలిలోతు నీళ్లలోకి దిగి ముత్యాలయ్యను వాటేసుకుంది. వాటేసుకునే నాలుగు తగిలించింది.

సంగతి బయటపడేసరికి నలభై బోట్ల జనం గుడ్లప్పగించారు. కేక విని, చెప్పులు కూడా వేసుకోకుండా, అరిగిన మోకాళ్లు మరిచిపోయి పరుగెత్తి, ముత్యాలయ్య దొరికిన బోటెక్కేశాడు. రెండు గంటలు తనను తానే వెతుక్కున్నాడు. తన్నులు ముందుగా ఎటువైపు నుంచి పడతాయా అని ముఖేష్ చుట్టూ చూశాడు.

సుభాషిణి మేడం ముందుకొచ్చింది. "ఆట సరదాగా ఉందాండీ?"

"సరదానా? పానం తీసిందమ్మా! నడుం పట్టేసింది, ఒక్క చేప పళ్లేదు."

"మరి ఇంక ఆడరా?"

"ఆడకుండా? నా బోటు ఇంకా ఆడ్నే నిలబడుండాది గదమ్మా! పక్కకు జరగండి." ముత్యాలయ్య ఇసుకలోనే కూలబడి ఫోను తీశాడు.

ముత్యాలయ్యను కొట్టాలని వచ్చినవాళ్లు ఆయన భుజాల మీదుగా వంగి చూశారు. "లంగరెయ్ పెద్దాయనా!" అన్నాడొకడు. "లంగరేందిరా, వల లాగమను ముందు!" అని ఇంకొకడు తోశాడు. గాలి ఎటుందో తేల్చుకోలేక ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు.

మేడం బ్యాగులోంచి కాగితాలు తీసి ముఖేష్ చేతికి కలమిచ్చింది. "సరదా సంగతి వదిలెయ్. ఇక్కడ సంతకం పెట్టు."

ఆ సాయంత్రమే చెంచమ్మ కూడా తన ఫోన్లో ఆట ఎక్కించుకుంది, ఆడడానికి కాదు, మొగుడు ఎంత దూరం పోయాడో కనిపెట్టుకుని ఉండడానికి.