పొరపాటు ఎవరి ఒంటికి

ఆ జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో పొరపాటున ఎక్కించిన మందు, ఎక్కించుకున్న రోగి మీద కాకుండా ఎక్కించిన మనిషి మీద పనిచేయడం జనవరిలో మొదలైంది. ఎందుకని ఎవరూ అడగలేదు. సూపరింటెండెంటుగారు పైకి రాశారు, పైవాళ్లు "పరిశీలనలో ఉన్నది" అని జవాబిచ్చారు, దాంతో అది మామూలైపోయింది. డ్యూటీలో నిద్రపోయినందుకు ఇద్దరికి మెమోలు అందాయి. అది వాళ్ల నిద్ర కాదు, రోగికి ఎక్కువైన మత్తు అని తేలాక మెమోలు రద్దుచేసి, "మందు సెలవు" అని ఏడాదికి ఆరు రోజులు మంజూరు చేశారు. రోగులకు మాత్రం ఏమీ కాలేదు. నిజం చెప్పొద్దూ, ఆ ఆసుపత్రిలో వాళ్లకు అంత మంచికాలం అంతకుముందెప్పుడూ రాలేదు.

మత్తు డాక్టరు చంద్రమౌళిగారికి ఆ సెలవు అవసరం పడలేదు. పాతికేళ్ల అనుభవం మరి! పొద్దున్నే అయిదు సిరంజిలు నింపి ట్రేలో వరసగా పెట్టుకునేవారు. దేనికీ పేరు రాసేవారు కాదు. ఎడమ చివరిది వాంతులు ఆపే మందు, కుడి చివరిది ఒంట్లో కండరాలన్నీ సడలించే మందు. చూడ్డానికి రెండూ నీళ్లే. సిస్టర్ ఎస్తేరు రాణి ప్లాస్టరు ముక్కలు, పెన్ను పట్టుకుని "పేర్లు రాసేద్దాం సార్" అంటే, "నా చేతికి తెలుసులే సిస్టర్" అనేవారు.

దసరాకు థియేటర్‌లో ఆయుధపూజ చేశారు. కత్తెరలకూ మత్తు మిషనుకూ బొట్లు పెట్టారు. అన్నీ తూర్పుముఖంగా ఉండాలని పంతులుగారు అనడంతో, నింపిన సిరంజిల ట్రేని కూడా అటుదిటు తిప్పారు. ఆ తరువాత, గర్భసంచి ఆపరేషనుకు వచ్చిన పైడితల్లికి నడుముకు మత్తిచ్చారు. వికారంగా ఉందని ఆమె అంటే, డాక్టరుగారు ఎడమ చివరి సిరంజి అందుకుని సెలైను గొట్టంలోకి ఎక్కించారు. ఎక్కించి, ఉన్నచోటే కూలిపోయారు.

"ఓలమ్మో! డాట్రుబాబు పడిపోనాడు! సూడండి సిస్టరమ్మా!" అని పైడితల్లి బల్ల మీంచి అరిచింది.

ఆయనకు స్పృహ ఉంది. అన్నీ వినిపిస్తున్నాయి. కనురెప్ప కదలదు, ఊపిరి ఆడదు. ఎస్తేరు రాణి నేల మీద మోకాళ్లేసి, ముఖానికి మాస్కు బిగించి, అరగంటసేపు దాని గాలిసంచి నొక్కుతూ ఊపిరి పోసింది. మధ్యలో ఒక్కసారి చెయ్యి మార్చుకుంది. ఆ క్షణం ఎంత పొడుగో ఆయన తరువాత ఎవరికీ చెప్పలేకపోయారు. లేచి కూర్చోగానే ఆమె చేతులు పట్టుకుని భోరుమన్నారు.

"నువ్వు లేకపోతే పోయేవాణ్ణి తల్లీ!"

"పేరు రాసుంటే నేను లేకపోయినా పోరు సార్" అంది ఆమె.

ఆ మర్నాటి నుంచి ప్రతి సిరంజికీ పేరు, మోతాదు, నింపిన వేళ. ఎక్కించేముందు ఆయన పైకి చదివితే, ఆమె చూసి మళ్లీ చదివేది. రెండు నెలలపాటు ఆ థియేటర్‌లో ఎవరికీ ఏమీ కాలేదు, రోగికీ డాక్టరుకీ.

అయితే ఉద్యోగుల ప్రాణాలకు రక్షణ కావాలని సంఘం వినతిపత్రం ఇచ్చింది. మొదటి సంతకం చంద్రమౌళిగారిది. శాఖవారు దయతలచి, డిసెంబరు ఒకటి నుంచి పొరపాట్లు యథాప్రకారం రోగులకే వర్తిస్తాయని ఉత్తర్వులిచ్చారు. సిబ్బంది కృతజ్ఞతాసభ పెట్టి స్వీట్లు పంచుకున్నారు.

ఒకటో తారీకు మొదటి కేసు పైడితల్లి. ఆనాడు ఆగిపోయిన ఆపరేషను రక్తం తక్కువుందని ఒకసారి, సమ్మె అని ఒకసారి వాయిదా పడి అప్పటికి కుదిరింది. డాక్టరుగారి కోసం సొంత తోటలోని జీడిపప్పు పొట్లం తెచ్చింది.

ట్రేలో అయిదు సిరంజిలున్నాయి. ఎస్తేరు రాణి పెన్ను తీసింది. "సార్, పేర్లు?"

"ఇంకెందుకు సిస్టర్? ఇవాళ తొమ్మిది కేసులు. వరసలోనే ఉన్నాయిగా."

పైడితల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "బాబూ, ఈపాలి మందు తేడా అయితే ఎవులికి?"

"నీకేనమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

ఆమె గుండెల మీద చెయ్యేసుకుని ఊపిరి వదిలింది. "పోన్లెండి బాబూ, నాకే కదా! తవరు పడిపోనప్పుడు నా పేనం పోయినంత పనైనాది. మాలాటోల్లు ఊరికి నూర్మందుంతారు. తవరికేటైనా అయితే మాకు దిక్కెవులు? ఆ ఉత్తర్వులిచ్చినోల్లు సల్లగుండాల" అని, పడుకునే దండం పెట్టింది.

సూది కోసం ఆ దండంలోంచి ఎడమ చెయ్యి విడదీసి, బల్ల పక్కన చాపి కట్టారు.